సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు: ఇంపోర్టెడ్ బండా, ఇండియాలో అమ్మిన బండా? తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొనాలనుకునేవాళ్లు ఫోన్ చేసి అడిగే డౌట్లు దాదాపు ఒక్కటే. ఫొటోలు పంపుతారు, "రేటు బాగుంది, తీసేసుకోమంటారా?" అంటారు. కాగితాల మాట ఎత్తితే అప్పుడు టెన్షన్ మొదలవుతుంది. అందుకే పదే పదే వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## కొనాలని అనుకుంటున్నప్పుడు

"ఇంపోర్టెడ్" అని చెప్పే బండ్లన్నీ ఒకటేనా?

కాదు. మన రోడ్ల మీదికి స్పోర్ట్స్ కార్లు మూడు దారుల్లో వచ్చాయి. విడిభాగాలుగా తెచ్చి ఇక్కడి ఫ్యాక్టరీలో బిగించినవి సీకేడీ బండ్లు. బీఎండబ్ల్యూ ఎం340ఐ చెన్నైలో, మెర్సిడెస్ ఏఎంజీ ఏ35 పుణె దగ్గర చాకన్‌లో ఇలా తయారయ్యాయి. విదేశంలో పూర్తిగా తయారైన బండిని కంపెనీయే దిగుమతి చేసుకుని తన షోరూమ్‌లో అమ్మితే అది సీబీయూ. ఫోర్డ్ మస్టాంగ్, ఆడి టీటీ, నిస్సాన్ జీటీ-ఆర్ ఇక్కడ ఇలాగే అమ్ముడయ్యాయి. ఇక మూడోది, కంపెనీతో సంబంధం లేకుండా ఎవరో వ్యక్తో వ్యాపారో బయటి దేశం నుంచి ప్రైవేటుగా తెప్పించిన బండి.

అమ్మేవాళ్లు సీబీయూనీ, ప్రైవేటుగా వచ్చినదాన్నీ కలిపేసి "ఇంపోర్టెడ్ సార్" అంటారు. ఈ రెండిటికీ చాలా తేడా ఉంది. సీబీయూ వెనక కంపెనీ ఇన్‌వాయిస్, సర్వీస్ రికార్డు, మన పెట్రోలుకీ రోడ్లకీ తగ్గట్టు చేసిన సెట్టింగ్ ఉంటాయి. ప్రైవేటుగా వచ్చిన బండి వెనక ఏముందో ఒక్కో కాగితం అడిగి చూడాల్సిందే.

రెండిట్లో ఏది కొనమంటారు?

మీకు నచ్చిన మోడల్‌ని కంపెనీ మన దేశంలో అమ్మి ఉంటే దాన్నే కొనండి. సంవత్సరం కాస్త పాతదైనా, రంగు నచ్చకపోయినా, నాలుగు లక్షలు ఎక్కువైనా సరే. ఇండియాలో ఎప్పుడూ అమ్మని మోడల్ అయితేనే ప్రైవేటు దిగుమతి గురించి ఆలోచించండి. అప్పుడు కూడా ముందు కాగితాలు చూడండి, తర్వాతే బండి చూడండి. బండి చూశాక మనసు ఆగదు.

ప్రైవేటుగా తెచ్చిన బండిలో పవర్ ఎక్కువ అంటున్నారు, నిజమేనా?

కొన్ని మోడళ్లలో నిజమే. 2016లో ఇక్కడ విడుదలైన మస్టాంగ్ జీటీలో 5 లీటర్ల వీ8 ఇంజినే ఉంది. కానీ మన మార్కెట్ కోసం దాని పవర్‌ని 401 పీఎస్‌కి (హార్స్‌పవర్ లాంటి కొలత) తగ్గించారు. మిగతా దేశాల్లో అదే ఇంజిన్ ఇంకొంచెం ఎక్కువ ఇచ్చేది. మన దగ్గర దొరికే పెట్రోలుతో, మన ఎండల్లో ఇంజిన్ దెబ్బతినకుండా నడవాలని కంపెనీలు ఇలా చేస్తాయి.

ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు కోసం ట్యూన్ చేసిన బండిని తెచ్చి మన మామూలు పెట్రోలు పోస్తే, నాకింగ్ (ఇంజిన్ లోపల పెట్రోలు తప్పుగా మండి కొట్టుకోవడం) రాకుండా ఇంజిన్ కంప్యూటరే స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగుతుంది. అంటే బ్రోచర్‌లో చూసిన పవర్‌లో కొంత ఇక్కడ ఎలాగూ రాదు. దాని కోసం కాగితాల రిస్కు తీసుకోవడం నాకు ఏమాత్రం సరైన బేరం అనిపించదు.

సీకేడీ అంటే క్వాలిటీ తక్కువ కదా? పూర్తిగా బయట తయారైనదే గట్టిది అంటారు.

ఈ మాట ఆటోనగర్‌లో చాలా వినిపిస్తుంది, కానీ దానికి ఆధారం లేదు. చెన్నైలో బిగించిన ఎం340ఐలో ఉన్నది బీ58 అనే 3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో తయారై సీబీయూగా వచ్చిన బీఎండబ్ల్యూ జెడ్4 ఎం40ఐలో ఉన్నదీ అదే కుటుంబం ఇంజిన్. సీకేడీ ధర తక్కువ ఉండటానికి కారణం పన్ను. విడిభాగాలుగా తెస్తే కస్టమ్స్ సుంకం చాలా తక్కువ. అదే 40 వేల డాలర్లు దాటిన పూర్తి బండికి చాలా ఏళ్ల పాటు 100 శాతం సుంకం ఉండేది. సెకండ్ హ్యాండ్‌లో నడిపే ఆనందం కోసం కొనేవాళ్లకి సీకేడీయే లాభం. రెండు సీట్లే కావాలి, టాప్ తెరుచుకోవాలి అంటే మాత్రం సీబీయూ తప్పదు.

కంపెనీ కొద్ది బండ్లే తెచ్చి అమ్మిన మోడళ్లు కొనొచ్చా?

కొనొచ్చు, నాకైతే ఇవే ఇష్టం. స్కోడా ఆక్టావియా ఆర్ఎస్ 245 ఇక్కడికి 2020లో 200 మాత్రమే వచ్చాయి. వాటిని కంపెనీయే తెచ్చింది కాబట్టి కాగితాల బెంగ లేదు. పైగా ఆక్టావియా ఇక్కడ బాగా అమ్ముడైన బండి కాబట్టి మామూలు సర్వీస్ పార్టులు చాలావరకు దొరుకుతాయి. ఆర్ఎస్‌కే ప్రత్యేకమైన బంపర్, బ్రేకులు, సీట్ల భాగాల దగ్గరే కష్టం. ముందు బంపర్ పగిలిన బండి చవగ్గా వస్తే, ఆ బంపర్ ధర, ఎన్నాళ్లకి వస్తుందో కనుక్కున్నాకే బేరమాడండి.

ఫియట్ అబార్త్ విషయంలో ఇంకోలా ఉంటుంది. 2015లో అబార్త్ 595 పూర్తిగా దిగుమతైంది, దాదాపు 30 లక్షలు. అదే ఏడాది మహారాష్ట్రలోని రంజన్‌గావ్‌లో తయారైన అబార్త్ పుంటో 10 లక్షల్లోపే వచ్చింది, 145 పీఎస్‌తో. ఫియట్ ఇక్కడ బండ్లు అమ్మడం మానేసిన ఇన్నేళ్ల తర్వాత కూడా పుంటోని చూసుకునే మెకానిక్ దొరుకుతాడు. 595 బాడీ పార్టు కావాలంటే బయటి దేశం వైపు చూడాలి.

స్కైలైన్, పాత సుప్రా లాంటివి ఇక్కడ అమ్మనే లేదు కదా. వాటికి దారే లేదా?

ఇది కొంచెం జాగ్రత్తగా చదవండి. మన దిగుమతి విధానం ప్రకారం మామూలు దారిలో సెకండ్ హ్యాండ్ కారు తేవాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు. స్టీరింగ్ కుడివైపు ఉండాలి. స్పీడోమీటర్ కిలోమీటర్లలో ఉండాలి. ముంబై ఓడరేవు ద్వారానే రావాలి.

ఇప్పుడు లెక్క వేసుకోండి. నిస్సాన్ స్కైలైన్ ఆర్34 జీటీ-ఆర్ 1999 నుంచి 2002 దాకా తయారైంది. అంటే చివరి బండి కూడా 2005 లోపే ఇక్కడికి దిగాలి. ఎవరైనా ఆర్34 చూపించి 2014 నాటి దిగుమతి కాగితం ఇస్తే, ఏ ప్రత్యేక అనుమతి మీద వచ్చిందో చూపమనండి. చూపలేకపోతే లేచి వచ్చేయండి. టయోటా సుప్రా ఏ80కీ ఇదే లెక్క, దాని తయారీ 2002లోనే ఆగిపోయింది. సక్రమంగా వచ్చినవి లేవని కాదు, చాలా తక్కువ. ఉన్నవాళ్లు త్వరగా అమ్మరు, అమ్మినా చవగ్గా ఇవ్వరు.

నేనే బయటి నుంచి సెకండ్ హ్యాండ్‌ది తెప్పించుకుంటే చవకా?

చవక కాదు. పాత కార్ల మీద 2025 బడ్జెట్ దాకా బేసిక్ కస్టమ్స్ సుంకమే 125 శాతం. ఆ మీద జీఎస్టీ, సెస్సు పడేవి. అన్నీ కలిపితే పన్నులే బండి అసలు ధరకి రెండింతలు దాటేవి. 2025 బడ్జెట్‌లో సుంకాన్ని విడదీసి కొంత భాగాన్ని వేరే సెస్సుగా మార్చారు గానీ భారం పెద్దగా తగ్గలేదు. జపాన్ వేలంలో 10 లక్షలకి పోయిన బండి ఫొటో చూసి ఆశపడకండి.

## కాగితాలు చూసేటప్పుడు

ఆర్సీ ఉంది, ఆర్టీవో రిజిస్టర్ చేశారు. ఇంకేం కావాలి?

ప్రైవేటుగా దిగుమతైన బండికి ఆర్సీ ఒక్కటే సరిపోదు. సుంకం కట్టారా లేదా అన్నది కస్టమ్స్ వ్యవహారం, రిజిస్ట్రేషన్ వేరే శాఖ. 2025 సెప్టెంబరులో కొచ్చి కస్టమ్స్ అధికారులు ఆపరేషన్ నుమ్‌ఖోర్ పేరుతో కేరళలో సోదాలు చేసి, భూటాన్ మీదుగా దొంగదారిన వచ్చాయని అనుమానించిన ఖరీదైన బండ్లను స్వాధీనం చేసుకున్నారు. వాటికి మన దేశంలో రిజిస్ట్రేషన్ నంబర్లు ఉన్నాయి. చేతులు మారి సినిమా వాళ్ల దాకా వెళ్లాయి.

మన పక్కనే, హైదరాబాద్‌తో ముడిపడిన కేసు కూడా 2025లోనే బయటపడింది. అమెరికా, జపాన్‌ల నుంచి కొన్న బండ్లకి మధ్యలో వేరే దేశంలో స్టీరింగ్ మార్పించి, ధర తక్కువ చూపించి తెచ్చారన్నది డీఆర్ఐ (దొంగ దిగుమతులపై దర్యాప్తు చేసే కేంద్ర సంస్థ) ఆరోపణ. ఇలాంటి కేసుల్లో నోటీసు దిగుమతి చేసినవాడికి వెళ్లినా, బండిని మాత్రం అప్పుడు ఎవరి ఇంట్లో ఉంటే వాళ్ల దగ్గర్నుంచి తీసుకెళ్తారు. మీరు మంచిమనసుతో పూర్తి ధర కట్టి కొన్నా సరే, ఆ తిప్పలు మీకే.

బిల్ ఆఫ్ ఎంట్రీ అంటే ఏంటి? అది అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

బయటి నుంచి వచ్చిన సరుకు ఏమిటి, విలువ ఎంత, సుంకం ఎంత కట్టారు అన్నది రాసి ఉండే కస్టమ్స్ పత్రం అది. దిగుమతి బండికి పుట్టిన సర్టిఫికెట్ లాంటిది. జిరాక్స్ ఒకటి చూపించి మళ్లీ సంచిలో పెట్టేసుకుంటే ఒప్పుకోకండి, కాపీ తీసుకోండి.

అందులో ముఖ్యంగా చూడాల్సింది చాసిస్ నంబరు. కాగితం మీద ఉన్నదీ, ఆర్సీలో ఉన్నదీ, బండి మీద కొట్టి ఉన్నదీ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. "టైపింగ్ మిస్టేక్ సార్" అన్న మాట వినకండి. తర్వాత తయారైన నెల, సంవత్సరం, దిగిన తేదీ చూడండి. సెకండ్ హ్యాండ్‌గా వచ్చిన బండి అయితే ఓడరేవు ముంబై అని ఉందా చూడండి. చివరగా పత్రం నంబరు, తేదీ, ఓడరేవు కోడ్ పెట్టి కస్టమ్స్ వాళ్ల ఐస్‌గేట్ వెబ్‌సైట్‌లో ఆ ఎంట్రీ ఉందో లేదో వెతకండి. అర్థం కాకపోతే ఒక కస్టమ్స్ బ్రోకర్‌కి ఫీజు ఇచ్చి చూపించండి. 40 లక్షల బండికి ఆ ఫీజు లెక్కలోది కాదు.

"కార్నెట్ బండి, సగం ధరకే" అంటున్నారు. తీసుకోవచ్చా?

వద్దు. కార్నెట్ అంటే విదేశీ యాత్రికుడు తన బండితో వచ్చి, కొంతకాలం తిరిగి, మళ్లీ దాంతోనే వెళ్లిపోవడానికి ఇచ్చే తాత్కాలిక అనుమతి. సుంకం కట్టలేదు కాబట్టే సగం ధర. దాన్ని ఇక్కడ అమ్మడమే తప్పు. దుబాయ్ నంబరు ప్లేటుతో తిరిగే బండ్ల దగ్గర ఈ మాట ఎక్కువగా వినిపిస్తుంది.

ఎన్నారై ఒకాయన తిరిగొచ్చేటప్పుడు తెచ్చుకున్న బండి అమ్ముతున్నారు. అది ఓకేనా?

విదేశాల్లో ఉండి శాశ్వతంగా తిరిగొచ్చేవాళ్లకి ఇచ్చే వెసులుబాటు కింద వచ్చిన బండి అయ్యుండొచ్చు. అది చట్టబద్ధమే. అయితే అలాంటి దిగుమతికి షరతులుంటాయి, అమ్మకం మీద కూడా ఉండొచ్చు. దిగుమతి అనుమతి కాగితం మొత్తం చదవండి. సుంకం కట్టిన రసీదు, ఆయన పాస్‌పోర్టులో ఉన్న పేరు, మొదటి ఆర్సీలో ఉన్న పేరు ఒకటేనా చూడండి. అమ్మేది ఆయన కాకుండా "ఆయన తరఫున" వచ్చిన ఏజెంట్ అయితే, అసలాయనతో వీడియో కాల్‌లోనైనా మాట్లాడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

చాసిస్ నంబరు చూసి ఏ దేశం బండో చెప్పొచ్చా?

కొంతవరకు. 17 అంకెల నంబరులో మొదటి అక్షరం జే అయితే జపాన్, డబ్ల్యూ అయితే జర్మనీ, ఎస్ అయితే ఎక్కువగా బ్రిటన్, ఎమ్ అయితే చాలావరకు మన దేశం. కానీ జర్మన్ కంపెనీల బండి ఎక్కడ బిగించారన్నది ఆ ఒక్క అక్షరంతో తేల్చకండి. జపాన్ లోపల అమ్మడానికి తయారైన పాత బండ్లకి అసలు 17 అంకెలుండవు. మోడల్ కోడ్, గీత, వరస నంబరు, అంతే. స్కైలైన్ ఆర్34 జీటీ-ఆర్‌కి బీఎన్‌ఆర్34 అని మొదలవుతుంది. అలాంటి బండి ఆర్సీలో 17 అంకెలు కనిపిస్తే ఏదో తేడా ఉన్నట్టే.

ఢిల్లీ, పుదుచ్చేరి నంబర్ల బండ్లు చవగ్గా ఉన్నాయి. తీసుకోవచ్చా?

ఢిల్లీ పరిసరాల్లో 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండి, 10 ఏళ్లు దాటిన డీజిల్ బండి తిప్పడానికి ఆంక్షలున్నాయి. అందుకని గడువు దగ్గరపడే కొద్దీ అక్కడ రేటు పడిపోతుంది. బండిలో తప్పేమీ లేకపోవచ్చు. పుదుచ్చేరిలో పన్ను తక్కువ కాబట్టి, అక్కడ ఉండని వాళ్లు కూడా అక్కడి అడ్రస్‌తో ఖరీదైన బండ్లు రిజిస్టర్ చేయించుకోవడం, దాని మీద కేరళలో కేసులు నడవడం తెలిసిందే. రెండిట్లోనూ ఒకటే మాట: ఆంధ్రాలో లైఫ్ ట్యాక్స్ కట్టి నంబరు మార్చుకునే ఖర్చు కలిపాకే చవకా కాదా తేలుతుంది. ఖరీదైన బండికి ఆ పన్ను లక్షల్లో ఉంటుంది.

## బండిని దగ్గర్నుంచి చూసేటప్పుడు

స్టీరింగ్ ఎడమ నుంచి కుడికి మార్చిన బండిని ఎలా గుర్తుపట్టాలి?

ముందు ఆ మోడల్ ఫ్యాక్టరీ నుంచి కుడి స్టీరింగ్‌తో వచ్చిందా అన్నది తెలుసుకోండి. మస్టాంగ్‌నే తీసుకోండి. కంపెనీ కుడి స్టీరింగ్‌తో తయారు చేసింది 2015 మోడల్‌గా వచ్చిన ఆరో తరం నుంచే. అంతకు ముందు మోడల్ మస్టాంగ్ కుడి స్టీరింగ్‌తో కనిపించిందంటే ఎవరో ఎక్కడో మార్చినట్టే, వేరే అవకాశం లేదు.

గుంటూరు వాళ్ల కోసం ఆటోనగర్‌లో ఒక పాత అమెరికన్ బండి చూశాను. పైనుంచి చూస్తే డ్యాష్‌బోర్డు కొత్తగా, లెదర్ చుట్టి, ఎంతో నీటుగా ఉంది. కో-డ్రైవర్ వైపు కార్పెట్ ఎత్తి టార్చ్ వేస్తే, ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు మీద అరచేతంత ప్లేటు వెల్డింగ్ చేసి ఉంది. ఒకప్పుడు స్టీరింగ్ రాడ్డు వెళ్లిన కన్నం అది. కుడివైపు కన్నం చేత్తో కోసినట్టు అంచులు వంకరగా ఉన్నాయి. బ్రేక్ పెడల్ నుంచి బ్రేక్ బూస్టర్‌కి, కుడి నుంచి ఎడమకి ఒక అడ్డ రాడ్డు వేశారు. బ్రేక్ తొక్కితే ఆ రాడ్డు మెలి తిరుగుతున్నట్టు కాలికి తెలుస్తోంది. ఎయిర్‌బ్యాగ్ ఉండాల్సిన చోట మూత మాత్రమే ఉంది.

మీరు చూడాల్సినవీ అవే. కార్పెట్ కింద రేకు, వైపర్లు ఏ పక్కకి తుడుస్తున్నాయి, హెడ్‌లైట్ కాంతి ఏ పక్కకి వంగుతోంది, హ్యాండ్‌బ్రేక్ ఎవరి వైపు ఉంది, ఎయిర్‌బ్యాగ్ లైటు ఇగ్నిషన్ వేయగానే వెలిగి ఆరుతోందా. గంటకి 150 కిలోమీటర్లు అలవోకగా వెళ్లే బండిలో స్టీరింగ్, బ్రేకు రెండూ ఎవరో చేత్తో మార్చినవైతే, మీ ఇంట్లో వాళ్లని అందులో ఎక్కించకండి.

వరదలో మునిగిన బండి అని ఎలా తెలుస్తుంది?

2015, 2023 డిసెంబరుల్లో చెన్నై, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మన సింగ్‌నగర్ వైపు మునిగిన సంగతి అందరికీ తెలిసిందే. అప్పుడు నీళ్లలో నిలిచిన బండ్లలో కొన్ని బాగుపడి మార్కెట్లోకి వచ్చాయి. సీట్ బెల్టుని చివరిదాకా లాగండి. మామూలుగా ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి భాగంలో బురద చార ఉంటే నీళ్లు అక్కడిదాకా వచ్చినట్టే. సీటు కింద పట్టాల బోల్టులు, స్పేర్ టైరు గుంట, ఫ్యూజ్ బాక్సు మూల కూడా చూడండి. స్పోర్ట్స్ కార్లు నేలకి దగ్గరగా ఉంటాయి, వైర్లూ కంప్యూటర్లూ సీట్ల కిందే ఉండే మోడళ్లు చాలా. మోకాలు లోతు నీళ్లు చాలు వాటిని ముంచడానికి.

మీటర్ రీడింగ్ నమ్మొచ్చా?

కంపెనీ అమ్మిన బండి అయితే ఏ షోరూమ్‌లోనైనా చాసిస్ నంబరు మీద సర్వీస్ చరిత్ర తీయించొచ్చు. ప్రైవేటుగా వచ్చిన బండికి ఆ సౌకర్యం ఉండదు. మైళ్లలో ఉన్న మీటర్‌ని కిలోమీటర్లకి మార్చినప్పుడు పాత అంకెని అలాగే వదిలేసిన బండ్లుంటాయి. 40 వేల మైళ్లంటే దాదాపు 64 వేల కిలోమీటర్లు. అంకె కన్నా డ్రైవర్ సీటు పక్క అంచు, పెడల్ రబ్బరు, స్టీరింగ్ మీద వేళ్లు పడే చోటు చూడటం నయం.

సైలెన్సర్ మార్పు, రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగ్ మార్చడం) అన్నీ చేయించి ఉంది, ప్లస్ పాయింటేనా?

నాకు మైనస్. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఒరిజినల్ సైలెన్సర్, ఒరిజినల్ ఎయిర్ ఫిల్టర్ బాక్సు డిక్కీలో ఉన్నాయా అడగండి. ఉంటే తిరిగి బిగించి ఇమ్మనండి.

## డబ్బు కట్టి పేరు మార్చుకునేటప్పుడు

సగం క్యాష్ అడుగుతున్నారు. ఇవ్వొచ్చా?

రెండు లక్షలు, అంతకు మించి క్యాష్ తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు. బ్యాంకు ద్వారానే కట్టండి. తక్కువ మొత్తానికి బిల్లు రాయమంటే దిగుమతి బండి విషయంలో అసలు ఒప్పుకోకండి. రేపు ఎవరైనా అడిగితే మీరు నిజమైన ధర కట్టి కొన్నారని చూపించే ఏకైక సాక్ష్యం మీ బ్యాంకు స్టేట్‌మెంట్.

పేరు మార్పుకి ఏ ఫారాలు కావాలి?

ఆంధ్రాలోనే ఉన్న బండికి ఫారం 29, 30. లోన్ ఉంటే బ్యాంకు ఇచ్చే ఫారం 35. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28లో ఎన్‌ఓసీ తప్పనిసరి. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి ఏపీ నంబరు తీసుకోవాలి. పాత రాష్ట్రంలో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి రీఫండ్ అడగొచ్చు గానీ, అది వస్తుందన్న లెక్కతో బడ్జెట్ వేసుకోకండి. ఎన్‌ఓసీ చేతికి రాకముందే పూర్తి డబ్బు కట్టేసి నెలల తరబడి తిరిగినవాళ్లు చాలామంది. ఎన్‌ఓసీ వచ్చేదాకా కొంత మొత్తం ఆపుకోండి, ఆ షరతు అగ్రిమెంట్‌లో రాయించండి.

ఇన్సూరెన్స్ దానంతట అదే నా పేరు మీదికి వస్తుందా?

రాదు. కొన్న 14 రోజుల్లోగా మీరే కంపెనీకి రాసి మార్పించుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ అమ్మినవాడిది, మీకు రాదు. ప్రైవేటుగా దిగుమతైన బండి అయితే అడ్వాన్స్ ఇవ్వకముందే రెండు మూడు కంపెనీల నుంచి రాతపూర్వకంగా కోట్ తీసుకోండి. బీమా చేయడానికి వెనకాడుతున్నారంటే అదే మీకు హెచ్చరిక.

## ఇంటికి తెచ్చుకున్నాక

ఈ20 పెట్రోలు వల్ల పాత స్పోర్ట్స్ కారుకి ఇబ్బందా?

2023 ఏప్రిల్‌కి ముందు తయారైన చాలా బండ్లు 20 శాతం ఇథనాల్ కోసం తయారైనవి కావు. ఇంధనం మూత లోపలి స్టిక్కర్, మాన్యువల్ చూడండి. 1990ల నాటి దిగుమతి బండి అయితే పెట్రోలు గొట్టాలు, సీళ్లు కొత్త రకం రబ్బరువి వేయించండి. వారాల తరబడి నడపకుండా ఫుల్ ట్యాంక్‌తో షెడ్‌లో పెట్టకండి.

మన ఎండలు, స్పీడ్ బ్రేకర్లు తట్టుకుంటుందా?

మే నెల విజయవాడ ఎండకి కూలెంట్, రేడియేటర్ ఫ్యాన్, బ్యాటరీ ముందు పరీక్ష పెడతాయి. చలి దేశం నుంచి నేరుగా వచ్చిన బండిలో ఇవి మరీ ముఖ్యం. స్పీడ్ బ్రేకర్ల సంగతంటారా, మీ వీధి నుంచి మెయిన్ రోడ్డు దాకా ఒకసారి అమ్మేవాడితో కలిసి ఆ బండిలోనే వెళ్లి చూడండి. ముందు బంపర్ కింది అంచు, అడుగు ప్లాస్టిక్ తగిలితే అప్పుడే తెలుస్తుంది.

సర్వీసుకి ప్రతిసారీ హైదరాబాద్ వెళ్లాలా?

ఆయిల్, బ్రేక్ ప్యాడ్లు, టైర్ల లాంటివి ఇక్కడే అయిపోతాయి, సరైన స్కానర్ ఉన్న మల్టీబ్రాండ్ షాపు చూసుకుంటే చాలు. గేర్‌బాక్సు, టర్బో, ఎలక్ట్రానిక్స్ పనులకి చాలా బ్రాండ్లకి హైదరాబాదో చెన్నైయో తప్పదు. హైదరాబాద్ దాదాపు 270 కిలోమీటర్లు. ఫ్లాట్‌బెడ్ (బండిని పైకెక్కించుకుని తీసుకెళ్లే లారీ) ఖర్చుని ఏటా బడ్జెట్‌లో వేసుకోండి. మామూలు క్రేన్‌తో కొక్కెం వేసి లాగనివ్వకండి, కింద భాగాలు ఊడిపోతాయి.

## విదేశాల్లో ఉన్న మన పిల్లల కోసం

మా అబ్బాయి ఇంగ్లండ్‌లో ఉంటాడు. జపాన్ నుంచి వచ్చిన మాజ్డా కొనాలా, అక్కడ అమ్మినదా?

అక్కడ లెక్క వేరు. జపాన్, బ్రిటన్ రెండిట్లోనూ స్టీరింగ్ కుడివైపే, ప్రైవేటు దిగుమతి అక్కడ మామూలు విషయం. మాజ్డా ఎంఎక్స్-5నే జపాన్‌లో 1989లో యూనోస్ రోడ్‌స్టర్ పేరుతో అమ్మారు. బ్రిటన్ రోడ్ల మీద చలికాలంలో ఉప్పు చల్లుతారు, దాంతో అక్కడే తిరిగిన పాత ఎంఎక్స్-5లకి డోర్ల కింది రేకు తుప్పు పట్టిపోతుంది. జపాన్ నుంచి ఆలస్యంగా వచ్చిన బండి సాధారణంగా శుభ్రంగా ఉంటుంది, ఏసీ కూడా ఉండే అవకాశం ఎక్కువ. అక్కడికి వచ్చి ఎన్నేళ్లయిందన్నదే అసలు ప్రశ్న. ఇరవై ఏళ్ల కిందటే వచ్చి ఉంటే రెండూ ఒకటే. రేడియో మాత్రం మార్పించుకోవాలి, జపాన్ ఎఫ్ఎం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ దాకానే పట్టేది.

జపాన్ వేలం షీట్‌లో (అమ్మకానికి ముందు బండి పరిస్థితి రాసే కాగితం) ఏం చూడాలి?

గ్రేడ్ దగ్గర ఆర్ లేదా ఆర్ఏ అని ఉంటే ప్రమాదంలో దెబ్బతిని బాగు చేసిన బండి. కారు బొమ్మ మీద ఏ అంటే గీత, యూ అంటే నొక్కు, డబ్ల్యూ అంటే రిపేరు చేసి పెయింట్ వేసిన చోటు, ఎస్ అంటే తుప్పు, రెండు ఎక్స్‌లుంటే ప్యానెల్ మార్చారని. అసలు షీట్ కాపీని, అమ్మేవాడు ఇచ్చిన ఇంగ్లీషు అనువాదంతో పక్కపక్కన పెట్టి చూడమనండి.

అమెరికాలో ఉన్న అమ్మాయి జపాన్ బండి కొనొచ్చా?

అక్కడి ప్రమాణాలకి తయారు కాని బండి అయితే తయారైన నెల నుంచి 25 ఏళ్లు నిండాకే దిగుమతి చేసుకోవచ్చు. తయారీ నెల కాగితంలో ఉందో లేదో చూసుకోవాలి. రాష్ట్రాన్ని బట్టి రిజిస్ట్రేషన్ నియమాలు మారతాయి, ముఖ్యంగా కాలిఫోర్నియాలో పొగ నిబంధనలు కఠినం.

ఇండియాకి తిరిగొచ్చేటప్పుడు ఆ బండినే తెచ్చుకోవచ్చా?

అమెరికాలో కొన్న ఎడమ స్టీరింగ్ బండి అయితే ఆ ఆలోచనే పెట్టుకోవద్దని చెప్పండి. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో కొన్న కుడి స్టీరింగ్ బండి అయినా వయసు, సుంకం, షరతులు అన్నీ చూసుకుంటే చాలా మందికి గిట్టుబాటు కాదు. అక్కడే మంచి రేటుకి అమ్మేసి రమ్మనండి. ఆ డబ్బుతో చెన్నైలో బిగించిన ఎం340ఐయో, కంపెనీ అమ్మిన ఆక్టావియా ఆర్ఎస్సో పూర్తి సర్వీస్ రికార్డుతో ఇక్కడే చూసుకోవచ్చు.